తోడి గాంధారం కాగితం మీద దొరకదు

అమ్మడూ,

నీకు తిరుపతిలో ఎం.ఏ. సంగీతంలో సీటు వచ్చిందని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్లో చెప్పింది. సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి దిగులు కూడా వచ్చి కూర్చుంది. అందరిలా ఉద్యోగం చదువు చదవలేదనే దిగులు కాదది. రెండేళ్లయ్యాక చేతిలో డిగ్రీ, గొంతులో ఖాళీ పెట్టుకుని బయటికొస్తావేమోనని. అలా వచ్చినవాళ్లు తక్కువేం కాదు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. హాజరు పోగొట్టుకోకు. లెక్చరర్ అర్హతకి నెట్ పరీక్ష రాయాలనుంటే హిందుస్తానీ వాళ్ల పది థాట్‌లు, అంటే వాళ్ల తల్లి రాగాలు, మొదటి ఏడాదే నేర్చుకో. ఆకాశవాణి బి గ్రేడ్ ఆడిషన్‌కి చదువు అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఫోన్లో శ్రుతి పెట్టుకుంటే చెవుల్లో గుచ్చుకోకు. కాస్త దూరంగా, నీ గొంతు కంటే తక్కువగా మోగనివ్వు. లేకపోతే నువ్వు శ్రుతిలో ఉన్నావో లేదో నీకే వినపడదు.

మొదటి వారంలోనే నీ శ్రుతి తేల్చుకో. క్లాసులో అందరూ కలిసి పాడటానికి ఒకటే శ్రుతి పెడతారు, అది అందరికీ సరిపోదు. పొద్దున్నే మంద్ర పంచమం, అంటే కింది స్థాయి 'ప' దాకా దిగి చూడు. అది గాలిలా కాదు, నాదంగా పలకాలి. తర్వాత తారస్థాయి పంచమం దాకా వెళ్లు. మెడ నరాలు ఉబ్బకూడదు, గడ్డం పైకి లేవకూడదు. కింద పోతే అర శ్రుతి పెంచు, పైన పోతే అర శ్రుతి తగ్గించు. ఆడపిల్లలకి చాలామటుకు నాలుగున్నరకీ ఆరుకీ మధ్య ఎక్కడో తేలుతుంది. పక్క పిల్ల ఆరులో పాడుతోందని నువ్వూ ఆరు పెట్టావో, చూడు మరి! పంతానికి పోతే బొంగురుపోయేది నీ గొంతే. క్లాసు శ్రుతి నీది కాకపోతే అక్కడ మెల్లగా గొంతు కలుపు, గదిలో నీ శ్రుతిలోనే సాధన చెయ్యి.

ఇక అసలు సంగతి. మా తరం కాలేజీల్లో చేసిన పెద్ద తప్పు, నేటికీ జరుగుతున్న తప్పు ఒకటుంది. పుస్తకంలో స్వరం చూసి కృతి నేర్చుకోవడం. పాఠ్యాంశంలో ఇన్ని కృతులని లెక్క ఉంటుంది, పరీక్ష దగ్గర పడుతుంది, గురువుగారి దగ్గర సగమే అవుతాయి. మిగతా సగం పుస్తకం తెరిచి, హార్మోనియం పక్కన పెట్టుకుని, స్వరం మీద స్వరం పేర్చుకుంటూ బట్టీ పడతారు. పరీక్ష అయిపోతుంది, మార్కులు కూడా వస్తాయి. నష్టం అప్పుడు తెలియదు.

తోడి రాగాన్నే తీసుకో. కాగితం మీద 'గ' అని ఒక్క అక్షరం ఉంటుంది. సాధారణ గాంధారమని లక్షణంలో రాస్తావు. గొంతులో ఆ గాంధారం ఒకచోట నిలబడదు. రిషభం దగ్గర పుట్టి, మధ్యమం అంచు తాకి, మళ్లీ కిందికి ఊగుతుంది. ఆ ఊపే తోడి. దాన్ని హార్మోనియం మెట్టులా నిలబెట్టి పాడు, శ్రుతి తప్పదు, స్వరస్థానం తప్పదు, అయినా తోడి రాదు. సింధుభైరవి వాసన కొడుతుంది. శంకరాభరణానికీ కల్యాణికీ ఉన్నది ఒకటే అంతర గాంధారం. శంకరాభరణంలో దాన్ని నిలిపితే అందం, కల్యాణిలో మధ్యమం వైపు ఊపితే అందం. పుస్తకంలో రెండుచోట్లా అదే 'గ'.

అసలు దెబ్బ ఆలాపన దగ్గర తగులుతుంది. రాగం మనకి దొరికేది కృతిలోని సంచారాల్లోంచే, అంటే స్వరాల నడకల్లోంచే. కృతిని ఎముకలగూడులా నేర్చుకున్న పిల్ల ఆలాపనకి కూర్చుంటే ఆరోహణ, అవరోహణ మెట్లెక్కి దిగడం తప్ప ఏమీ తోచదు. సాధన చాలలేదనుకుని ఇంకో గంట అదే పాడుతుంది, తప్పు ఇంకాస్త గట్టిపడుతుంది. గొంతుకి ఒకసారి అలవాటైన దారి మరిపించడం కొత్త కృతి నేర్చుకోవడం కంటే కష్టం. వాయిద్యం అయితే వేలు పడే చోటు కంటికి కనపడుతుంది, దిద్దుకోవచ్చు. గొంతులో ఏదీ కనపడదు.

రేడియోలో పొద్దున్నే భక్తిరంజని వింటూ పాటలు పట్టుకున్న ఇల్లాళ్లకి స్వరాల పేర్లు తెలియవు. అయినా మంగళహారతిలో మధ్యమావతి నిషాదం ఎంత ఊపాలో అంతే ఊపేవాళ్లు. చెవి నేర్పిన చదువు అది. నీకు ఆ చెవీ కావాలి, యూనివర్సిటీ చదువూ కావాలి.

కాబట్టి వరస ఇది. గురువుగారు పాడిన సంగతిని, అంటే పాటలో ఒక పాదాన్ని మలిచిన తీరుని, ముందు విను, రాయకు. మూడుసార్లు విన్నాక తిరిగి పాడు. ఆయన దిద్దాక, గదికి వెళ్లి, పుస్తకం చూడకుండా ఆ సంగతికి స్వరం నువ్వే రాయి. అప్పుడు అచ్చు పుస్తకం తెరిచి నీ రాతతో పోల్చు. తేడా వచ్చిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి, మర్నాడు గురువుగారిని అడుగు. ఇలా చేస్తే కృతికి పది రోజులు పడుతుంది. పట్టనీ. రికార్డింగు ఆఖరున, మర్చిపోకుండా ఉండటానికి మాత్రమే. కృతి పేరు పక్కన ఎవరి పాఠాంతరమో, అంటే ఏ గురుపరంపరలో పాడే తీరో, రాసిపెట్టుకో. త్యాగయ్యగారి కృతులు వాలాజపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యుల ద్వారా మనకి చేరాయి. ఒక్కో చోట సంగతులు వేరు. రెండు పాఠాలు కలిపి పాడితే అది ఎవరిదీ కాకుండా పోతుంది.

పుస్తకాన్ని నమ్మాలనుంటే నమ్మదగ్గది ఒకటుంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. స్వరం మీద కంపితం, స్ఫురితం, జారు లాంటి గమకాలకి, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరులకి, వేరువేరు గుర్తులున్నాయి అందులో. తర్వాతి పుస్తకాలు చాలావాటిలో ఆ గుర్తులు ఎగిరిపోయి ఉత్త స్వరాలు మిగిలాయి. అంత గ్రంథం మన లిపిలో ఉంది తల్లీ, తమిళ పిల్లలు అనువాదంలో చదవాల్సింది నువ్వు నేరుగా చదువుకోవచ్చు. లైబ్రరీలో వారానికో పేజీ చాలు, గుర్తులు చూస్తూ పాడుతూ.

చరిత్ర పేపరులో అందరూ పడే గుంట చెబుతాను. వెంకటమఖి చతుర్దండి ప్రకాశికలో, సుమారు 1620లో, 72 మేళాలకి, అంటే తల్లి రాగాలకి, లెక్క కట్టాడు. తన కాలంలో వాడుకలో ఉన్నవని వివరించినవి మాత్రం 19. కనకాంగి, రత్నాంగి అనే పేర్ల వరస తర్వాత వచ్చింది. అవి ఆయన పెట్టినవని రాస్తే తప్పు. రాగం పేరులోని మొదటి రెండు అక్షరాల్ని అంకెలు చేసి మేళం నంబరు చెప్పే కటపయాది మాత్రం పాడుతూనే వేళ్ల మీద కట్టడం అలవాటు చేసుకో: హనుమతోడిలో హ ఎనిమిది, ను సున్నా, తిరగేస్తే 8వ మేళం.

స్వరరచన పేపరుకి నువ్వు వెళ్లే ఊరిని మించిన చోటు లేదు. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకుల మీద రాగం పేరుంటుంది, స్వరం ఉండదు. మనం వినే వరసలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, తర్వాత మరికొందరు 20వ శతాబ్దంలో కట్టినవి. నువ్వూ ఒక సంకీర్తన తీసుకుని వరస కట్టి చూడు, కానీ రాగం పేరు చూడగానే ఉరకకు. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. విజయనగరంలో రామామాత్యుడు 1550లో రాసిన స్వరమేళకళానిధిలో ముఖారి అంటే అన్నీ శుద్ధ స్వరాలున్న మేళం. ఈనాటి ముఖారి ఖరహరప్రియ జన్యం, అంటే ఆ మేళంలో పుట్టిన రాగం. రేకు మీది ముఖారిని ఈనాటి ముఖారిలో కట్టడం తప్పు కాదు, అది నీ నిర్ణయమని రాయకపోవడమే తప్పు.

కట్టేటప్పుడు మాట విరగకూడదు. హ్రస్వాన్ని లాగితే 'కల' కాస్తా 'కాల' అవుతుంది. సాగదీయాల్సి వస్తే దీర్ఘం మీదో, మాట చివరి అచ్చు మీదో సాగదీయి. ప్రాసాక్షరం ప్రతి పాదంలో తాళంలో ఒకేచోట పడేట్టు చూడు.

స్వరకల్పనలో, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లేటప్పుడు, లెక్కకి భయపడకు. ఎనిమిది అక్షరాల ఆది తాళంలో అక్షరానికి నాలుగు స్వరాల చొప్పున ఆవర్తనానికి 32. ఐదు స్వరాల ముక్క మూడుసార్లు, నడుమ రెండేసి స్వరాల విరామం రెండుచోట్ల, మొత్తం 19. 32లోంచి పోతే 13. అంటే ఆ ముక్కలు సమానికి, అదే తర్వాతి ఆవర్తనం మొదటి దెబ్బకి, సరిగ్గా ముగియాలంటే లఘువులో (తాళం మొదటి నాలుగు అక్షరాల్లో) మధ్యవేలు పడే నాలుగో అక్షరంలో, రెండో స్వరం మీద ఎత్తుకోవాలి. వేలు పడగానే ఎత్తుకున్నావో, సమానికి ఒక స్వరం ముందే అయిపోయి దిక్కులు చూస్తావు. ముందు తాళం వేస్తూ అంకెలు చెప్పు, తర్వాత స్వరాలు పెట్టు.

తంబురా మీ నాన్నతో పంపిస్తున్నాను. రైలు ప్రయాణం కదా, తీగలు వదులు చేసి, బ్రిడ్జి కింద మెత్తటి గుడ్డ పెట్టాను. వెళ్లగానే ఒక్కసారిగా శ్రుతికి లాగకు. మొదటి రోజు ఒక స్వరం తక్కువలో ఉంచి, మర్నాడు పూర్తిగా ఎక్కించు. ముందు నడిమి రెండు షడ్జాలు, తర్వాత మంద్ర షడ్జం, చివర పంచమం. తీగ కింది దారం వెంట్రుకవాసి జరుపుతూ విను, ఒకచోట నాదం విచ్చుకుంటుంది, అక్కడ ఆపు. కిటికీ దగ్గర ఎండలో పెట్టకు. మంద్రానికి ఇత్తడి తీగలు రెండు విడిగా పొట్లం కట్టి సంచి లోపలి జేబులో పెట్టాను.

చేరగానే ఫోన్ చెయ్యి. తోడిలో ఒక్క పల్లవి పాడి వినిపించు. పుస్తకం మూసి పాడాలి సుమా, నాకు తెలిసిపోతుంది.

నీ పెద్దమ్మ