శుక్రకణమా, వీర్యకణమా?

సందేహం: వరంగల్ దగ్గర ఒక ఊరి బడిలో జీవశాస్త్రం చెప్తాను. పుస్తకంలో 'శుక్రకణం' అని ఉంది, పేపర్లలో 'వీర్యకణం' అని రాస్తున్నారు. ఏది సరైనది? మొన్న ఒక పిల్లవాడు లేచి "సార్, శుక్రవారానికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా?" అంటే క్లాసంతా నవ్వింది. నాకూ తెలియక వాణ్ణి కూర్చోమన్నాను.

సమాధానం: వాడు అడిగింది మంచి ప్రశ్న సార్. సంబంధం ఉంది.

సంస్కృతంలో 'శుచ్' అనే ధాతువుకు మెరవడం, మండడం అని అర్థం. శుచి, శోకం రెండూ అందులోంచే వచ్చాయి, ఒకటి మెరుపు వైపు నుంచి, ఇంకొకటి మంట వైపు నుంచి. శుక్రం అంటే తెల్లగా మెరిసేది. మనం వేగుచుక్క అనే గ్రహం శుక్రుడు, ఆయన పేరు మీదిదే శుక్రవారం. రకారం లకారమైతే శుక్లం. శుక్లపక్షంలో ఉన్నది అదే, మన ఇండ్లల్లో పెద్దవాళ్లు ఆపరేషన్ చేయించుకునే కంటి శుక్లమూ అదే, కంటిపాపలో తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. పాతవాళ్లు 'శుక్లశోణితాలు' అన్నప్పుడు ఆ శుక్లం మీ పాఠంలోని శుక్రమే. రంగును బట్టి పెట్టిన పేరు, అంతే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

వీర్యం దారి వేరు. వీరుడి గుణం వీర్యం, అంటే సత్తువ, పరాక్రమం. మిరియాలు ఉష్ణవీర్యం అని ఆయుర్వేదం చెప్పేది వాటి ప్రభావం గురించి. పోలీసులు బాంబును 'నిర్వీర్యం' చేశారని పేపర్లో చదువుతాం, అక్కడా దాని శక్తి తీసేశారనే కదా. ఈ కణాలుండే ద్రవానికి ఆ పేరు తరవాత వచ్చి చేరింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పాత మాటలన్నీ ద్రవానికి పెట్టినవి, ఎందుకంటే కణాన్ని అప్పటికి ఎవరూ చూడలేదు. 1677లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో లేవెన్‌హుక్ తను చేసుకున్న సూక్ష్మదర్శినిలో తోకలతో ఈదుతున్న వాటిని చూసి, చిన్న చిన్న జంతువులనుకున్నాడు. 1827లో ఫాన్ బేర్ అనే శాస్త్రవేత్త పెట్టిన 'స్పెర్మటోజోవా' అన్న పేరులోనూ ఆ జంతువు అట్లాగే ఉండిపోయింది, గ్రీకులో స్పెర్మ అంటే విత్తు, జోవా అంటే జంతువులు. మన 'శుక్రకణం'లో ఆ పొరపాటు లేదు. ఈ మాట కూర్చినవాళ్లంటే నాకు గౌరవం.

'వీర్యకణం' తప్పు కాదు, వీర్యంలోని కణం అని సమాసం చెప్పుకోవచ్చు. కానీ నేను మాత్రం ద్రవాన్ని వీర్యం అని, కణాన్ని శుక్రకణం అని విడిగానే అంటాను, మీరూ అట్లాగే చెప్పండి. ఎందుకంటే, దగ్గరి చుట్టం ఒకతనికి తోడుగా హనుమకొండలో ఒక ఆసుపత్రికి వెళ్లాను. రిపోర్టు చూసినాయన "వీర్యం తక్కువుంది" అని ఒక్క మాటతో పంపేశాడు. బస్టాండు దాకా అతను నోరు విప్పలేదు, బస్సెక్కేముందు "అంటే నాలో మగతనం లేదనేనా మామా" అన్నాడు. ఆ కాగితం తీసి చూస్తే ద్రవం ఉండాల్సినంత ఉంది, తగ్గింది కణాల లెక్క. మిల్లీలీటరుకు 1.6 కోట్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చూపిన కింది హద్దుకు అతనిది కొంచెం తక్కువ. "శుక్రకణాల సంఖ్య కొంత తగ్గింది" అని ఉంటే అది ఒక లెక్కలా వినపడేది. వీర్యం తక్కువ అనేసరికి వీరత్వమే పోయినట్టు తగిలింది.

అచ్చతెలుగులో మాట లేదా అంటే, ఉంది. మంద పెంచేవాళ్లు 'విత్తన పొట్టేలు' అంటారు. గ్రీకువాడికి తోచిన విత్తే మనవాళ్లకూ తోచింది. బర్రెకు సూది వేయించి "సూడి కట్టిందా?" అని వాకిట్లో నిలబడి గట్టిగానే అడుగుతారు, ఎవరూ నవ్వరు.

రేపు క్లాసులో బోర్డు మీద 'శుచ్' అని రాసి, దాని కింద శుక్రవారం, శుక్లపక్షం, కంటి శుక్లం, శుక్రకణం వరసగా రాయండి. రాసే పని ఆ పిల్లవాడికే ఇవ్వండి.