దొర్లే బంతి ఎందుకు ఆగుతుందో చిన్నపిల్లలకు ఎలా చెప్పాలి?

నాలుగైదేళ్ల పిల్లలకు నిర్వచనాలతో మొదలుపెట్టకండి. ఒక అట్టను వాలుగా ఆనించి, పై అంచు నుంచి బంతిని వదలమనండి. మొదట నున్నటి నేల మీదికి, తర్వాత పరిచిన దుప్పటి మీదికి. చేత్తో తోయించవద్దు, బలం ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది. వదిలే ముందు, ఎంత దూరం వెళ్తుందో ఊహించి చెప్పమనడం మాత్రం మర్చిపోకండి. ఊహ తప్పినప్పుడే వాళ్లకు ఆసక్తి పుడుతుంది.

"బంతి అలసిపోయింది" అంటారు. వెంటనే సరిదిద్దకండి. తోసే బలం లేకపోతే వస్తువు దానంతట అదే ఆగిపోతుందని అరిస్టాటిల్ కాలం నుంచి పెద్దలూ శతాబ్దాలపాటు నమ్మారు. అడ్డేమీ లేకపోతే అది అలాగే సాగిపోతుందని న్యూటన్ 1687లో సూత్రంగా చెప్పాడు. కాబట్టి "దుప్పటి బంతిని ఏం చేసింది?" అని అడగండి. "పట్టుకుంది", "అడ్డుపడింది" అన్నాక ఘర్షణ అనే మాట చెప్పినా ఫర్వాలేదు.