ముద్రను చివర చూడండి

పాత పింగాణీ, వెండి టీ సెట్లు, అలంకారపు బేసిన్ల వేలంపాటల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఒకే వేలం కేటలాగులో రెండు చైనా పింగాణీ గిన్నెలు చూశాను. ఒకదాని కింద ‘ఆరక్షరాల కాంగ్షీ ముద్ర’ అని, రెండోదాని కింద ‘కాంగ్షీ ముద్ర, ఆ కాలానిదే’ అని ఉంది. రెండోదాని అంచనా ధర ఎన్నో రెట్లు ఎక్కువ. ముద్ర ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు?

జవాబు: కేటలాగు రాసేవాళ్ళు మాటలు తూచి వాడతారు. మొదటి వాక్యం చెప్పేదల్లా గిన్నె అడుగున ఆ ఆరు అక్షరాలు ఉన్నాయని మాత్రమే. ఎప్పుడు చేశారన్న దానికి వాళ్ళు పూచీ పడటం లేదు. రెండో వాక్యంలో ఆ పూచీ ఉంది. కాంగ్షీ చక్రవర్తి ఏలుబడిలో, అంటే 1662–1722 మధ్య చేసినదని వేలం సంస్థ మాట ఇస్తోంది. ‘శైలిలో’, ‘తరహాలో’ అన్న మాట ఎక్కడ కనిపించినా తర్వాతి కాలపు వస్తువు అనే చదువుకోవాలి.

పూర్వపు చక్రవర్తి ముద్ర వేయడం చైనా పనివాళ్ళకు చాలాసార్లు మోసం కాదు, పాత పనితనానికి పెట్టే దండం. కాంగ్షీ కాలంలోనే మింగ్ వంశపు చెంగ్‌హువా (1465–1487) ముద్రతో పింగాణీ కొల్లలుగా వచ్చింది. 19వ శతాబ్దంలో కాంగ్షీ ముద్ర వంతు వచ్చింది. పైగా 1677లో, పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ ప్రాంతపు అధికారి చక్రవర్తి పేరును పాత్రల మీద రాయొద్దని ఆజ్ఞ వేశాడు. అందుకే అసలైన కాంగ్షీ పాత్రల్లో చాలావాటి అడుగున ఆకు బొమ్మో, మధ్యలో ఏమీ లేని జంట నీలి వలయాలో కనిపిస్తాయి. ఆ ముద్ర లేనిది అసలుది, ఉన్నది తర్వాతిది కావడం ఈ రంగంలో మామూలే.

కాబట్టి ముద్రను చివర చూడండి. ముందు, పాత్ర నిలబడే అడుగు అంచును వేలితో తడమండి. అక్కడ గాజుపూత ఉండదు. ఏళ్ళ తరబడి బల్లల మీద జరిగినదైతే ఆ అంచు నున్నగా, హెచ్చుతగ్గులుగా అరిగి ఉంటుంది. గరుకు కాగితంతో కావాలని అరగదీసినదైతే ఒకే దిశలో సాగే సన్నగీతలు భూతద్దంలో దొరికిపోతాయి. తర్వాత రంగులు చూడండి. బంగారంతో తయారయ్యే గులాబీ రంగు కాంగ్షీ పాలన ఆఖరి ఏళ్ళలో మొదలై, తర్వాతి చక్రవర్తి యోంగ్‌జెంగ్ కాలంలో (1723–1735) విరివిగా వాడుకలోకి వచ్చింది. గిన్నె నిండా చిక్కటి గులాబీ పూలుండి, అడుగున కాంగ్షీ ముద్ర ఉంటే ఆ రెండూ సాధారణంగా పొసగవు.

యూరప్ సరుకుకీ ఇదే వరస. జర్మనీలోని మైసెన్ కర్మాగారం 1710లో మొదలైంది. దాని నీలి జంట కత్తుల ముద్ర 1720ల తొలినాళ్ళది. ఆ ముద్ర గాజుపూత కింద ఉండాలి, గోటికి పైపొరలా తగిలితే అనుమానించాలి. పారిస్‌లో 1845లో వెలసిన సామ్సన్ సంస్థ మైసెన్, ఫ్రాన్స్‌లోని సెవ్ర్ కర్మాగారం, చైనా పనులన్నిటికీ నకళ్ళు తీసింది. వాటి పనితనం గొప్పది, నకలని తెలిసి కొనుక్కునేవాళ్ళూ ఉన్నారు. సామ్సన్ ధరకు సామ్సన్ కొంటే తప్పేమీ లేదు.

ప్రశ్న: ‘క్వీన్ ఆన్ స్టైల్ వెండి టీ సెట్, మూడు వస్తువులు’ అని ఒక సెట్టు వేలానికి వస్తోంది. రాణి గారి కాలం నాటిదైతే అంచనా ధర ఇంత తక్కువగా ఎందుకుంది? చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏమేం పరీక్షించాలి?

జవాబు: ‘స్టైల్’ అన్న మాటలోనే మీ జవాబు ఉంది. క్వీన్ ఆన్ పాలించింది 1702 నుంచి 1714 వరకు. ఆ రోజుల్లో టీకెటిల్, పాల జగ్గు, చక్కెర గిన్నె ఎక్కువగా విడివిడిగా చేసేవారు. మూడూ ఒకే అచ్చుగా చేయడం 18వ శతాబ్దం చివరికి గాని స్థిరపడలేదు. మీరు చూసింది ఆ ఆకారాన్ని అనుకరించి 19వ శతాబ్దంలోనో 20వ శతాబ్దం మొదట్లోనో చేసిన సెట్టు అయి ఉంటుంది.

ముద్రలతో కూడా దీన్ని తేల్చవచ్చు. ఇంగ్లండులో 1697 నుంచి 1720 దాకా వెండి వస్తువులకు 95.84 శాతం వన్నె తప్పనిసరి. దానికి కూర్చున్న బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకగా గీసే స్త్రీ) బొమ్మ, మెడ దగ్గర తెగినట్టున్న సింహం తల ముద్రలు. నడిచే సింహం ముద్ర 92.5 శాతం స్టెర్లింగ్ వెండిది, ఆ 23 ఏళ్ళలో దాన్ని వేయలేదు. అంటే నడిచే సింహం ఉన్నది ఆ రాణి కాలపుది కానే కాదు. మిగతా ముద్రల్లో చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది, కిరీటం షెఫీల్డ్‌ది (1975 నుంచి గులాబీ). రాజు లేక రాణి తల ఉంటే సుంకం కట్టారని గుర్తు. అది 1784 నుంచి 1890 దాకా వేశారు. వీటితో పాటు చేసినవారి పొడి అక్షరాలు, ఏడాదిని చెప్పే ఒక అక్షరం ఉంటాయి.

మూడు వస్తువుల మీదా ఆ ఏడాది అక్షరం ఒకటేనా, పొడి అక్షరాలు ఒకటేనా పోల్చండి. వేరుగా ఉంటే అది జతచేర్చిన సెట్టు, విలువ తగ్గుతుంది. విడిగా ఊడివచ్చే మూత మీద కూడా కనీసం సింహమో పొడి అక్షరాలో ఉండాలి. మూత ఖాళీగా ఉంటే అది వేరే కెటిల్‌ది కావచ్చు.

ఇక ఊపిరి పరీక్ష. ముద్రలున్న చోట నోటితో వెచ్చని గాలి ఊదండి. ఆవిరి పట్టిన ఆ రెండు క్షణాల్లో టంకం గీతలు బయటపడతాయి. ముద్రల చుట్టూ గుండ్రంగానో చదరంగానో గీత కనిపిస్తే, వాటిని చిన్న వస్తువు నుంచి కోసి ఇక్కడ అతికారన్నమాట. 1720లో ఔన్సుకు ఆరు పెన్నీల సుంకం పెట్టినప్పుడు కొందరు కంసాలులే ఇలా చేశారు, తర్వాత నకిలీలు చేసేవాళ్ళు ఆ విద్య అందిపుచ్చుకున్నారు. కొమ్ము, పిడి అతుక్కున్న చోట, కాళ్ళ దగ్గర కూడా ఊది చూడండి. బూడిదరంగులో ముద్దగా కనిపించేది సీసం కలిసిన టంకం. ఆ మాటును సరిచేయడం చాలా కష్టం. వేడి తగలగానే సీసం వెండిలోకి దిగి గుంటలు పెడుతుంది.

పొట్ట భాగాన్ని లోపల ఒక వేలు, బయట బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కుతూ తిప్పండి. ఒక్కచోట రేకు పలచబడి లోపలికి పోతుంటే అక్కడ పాత యజమాని వంశచిహ్నం గీకేశారు. చాలామంది చూడనిది ఇదే, ధర మీద బాగా ప్రభావం చూపేదీ ఇదే. తర్వాత మూత బందు వదులైందా, కొమ్ము కొసన పగులుందా చూడండి. వెండి పిడికి రెండు చోట్ల సన్నటి తెల్ల బిళ్ళలుంటే అవి వేడి చేతికి రాకుండా పెట్టినవి, చాలాసార్లు ఏనుగు దంతం. దంతం అమ్మకం మీద, సరిహద్దులు దాటించడం మీద చాలా దేశాల్లో కట్టడి ఉంది కాబట్టి పాటకు ముందే అడగండి.

ప్రశ్న: ఆ టీ సెట్టు బరువు ‘మొత్తం 1,400 గ్రాములు’ అని ఇచ్చారు. అంత వెండి ఉన్నట్టేనా?

జవాబు: కాదు. ‘మొత్తం’ అంటే చెక్క పిడి, మూత గుబ్బతో కలిపి. అవి 40 గ్రాములనుకుంటే మిగిలేది 1,360. స్టెర్లింగ్ కాబట్టి 0.925తో హెచ్చవేస్తే అచ్చమైన వెండి 1,258 గ్రాములు. వెండి ధర పలికేది ట్రాయ్ ఔన్సులో, అంటే 31.1 గ్రాములు. మామూలు ఔన్సు 28.35 గ్రాములే, రెంటినీ కలగాపులగం చేయకండి. మీ సెట్టులో దాదాపు 40.4 ట్రాయ్ ఔన్సుల వెండి ఉంది. ఆ రోజు ధరతో గుణిస్తే వచ్చేది కరిగిస్తే పలికే విలువ, పాట దానికి దగ్గర్లో ఆగిపోతుంటే పనితనానికి మీరేమీ కట్టనట్టే. ‘లోడెడ్’ అన్న మాట ఉంటే మాత్రం ఈ లెక్క చెల్లదు. లోపల లక్కో ప్లాస్టరో పోసి ఉంటారు. కొవ్వొత్తి స్తంభాలలో ఇది ఎక్కువ.

ప్రశ్న: ‘ఇ.పి.ఎన్.ఎస్.’, ‘షెఫీల్డ్ ప్లేట్’ రెండూ పూతేనా?

జవాబు: రెండూ ఘన వెండి కావు, కానీ ఒకటి కాదు. షెఫీల్డ్ ప్లేట్ 1740లలో థామస్ బౌల్సోవర్ కనిపెట్టిన పద్ధతి. రాగి దిమ్మకు వెండి రేకును వేడితో కరిచిపెట్టి, రెండూ కలిపి సాగదీసి, ఆ రేకుతో పాత్ర చేసేవారు. అందుకే అంచులు మడిచి రాగిని దాచిన తీరు, నిలువు అతుకు కనిపిస్తాయి. ఇ.పి.ఎన్.ఎస్. అంటే ముందు జర్మన్ సిల్వర్‌తో పాత్ర చేసి, తర్వాత విద్యుత్తుతో వెండి పూత పట్టించడం. ఈ పద్ధతి మీద ఇంగ్లండులోని ఎల్కింగ్టన్ల పేటెంటు 1840 నాటిది. జర్మన్ సిల్వర్‌లో రాగి, నికెల్, జింకు తప్ప వెండి చుక్కయినా లేదు. పాత షెఫీల్డ్ ప్లేట్‌లో రాగి ఎర్రగా తొంగిచూస్తుంటే కొత్త పూత వేయించకండి. ఆ ఎరుపు పోతే వస్తువు విలువా పోతుంది.

ప్రశ్న: పింగాణీ స్థితి నివేదికలో ‘వయసుకు తగ్గట్టు బాగుంది’ అని ఒక్క ముక్క రాశారు. దాన్ని నమ్మి పాడవచ్చా?

జవాబు: ఆ ముక్క మీద ఏ ధరా పెట్టకండి. సంస్థకు రాతపూర్వకంగా ఈ ప్రశ్నలు పంపండి: వెంట్రుకవాసి పగుళ్ళు ఎన్ని, ఎన్ని మిల్లీమీటర్ల పొడవు? పెచ్చులు ఎక్కడ లేచాయి? కొత్తగా రంగు వేశారా? మూత ఈ పాత్రదేనా? కేటలాగులో లోపం రాయలేదంటే లోపం లేదని అర్థం కాదు, చాలా సంస్థల షరతుల్లో ఈ మాట స్పష్టంగానే ఉంటుంది.

చేతికి వచ్చినప్పుడు గిన్నెను వేళ్ళ కొసల మీద ఆనించి అంచును గోటితో సున్నితంగా మీటండి. పగులు లేనిది ఖంగుమని సాగుతుంది. పగిలినది బొంగురుగా ఆగిపోతుంది. గట్టిగా పట్టుకున్నా బొంగురే వస్తుంది. కెటిళ్ళకు, బొమ్మలకు ఈ పరీక్ష పనికిరాదు. తర్వాత లోపల చిన్న టార్చి పెట్టి బయటినుంచి చూస్తే పగులు నల్లటి గీతగా కనిపిస్తుంది, అతికిన ముక్క వెలుతురును వేరుగా పంపిస్తుంది. 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం చీకట్లో వేస్తే పాత జిగుర్లు, పైరంగులు చాలావరకు వేరే మెరుపుతో బయటపడతాయి. కానీ కొత్త పూరకాలు కొన్ని దీపానికి లొంగవు. అక్కడ వేలే నయం. గాజుపూత చల్లగా, గట్టిగా ఉంటుంది. మరమ్మతు పూత కాస్త వెచ్చగా, పట్టినట్టుగా తగులుతుంది.

అన్ని లోపాలూ ఒకటి కావు. బట్టీలోనే పడ్డ పగులులోకి గాజుపూత దిగి ఉంటుంది, దానికి ధర కొద్దిగానే తగ్గుతుంది. మింగ్ చివరి కాలపు నీలి పాత్రల అంచున పూత చిట్లడాన్ని జపాన్‌లో ‘పురుగు తిన్నది’ అని పేరుపెట్టి ఇష్టపడ్డారు. అదే తర్వాత పడ్డ వెంట్రుకవాసి పగులైతే ధర సగానికి పైగా పడిపోవచ్చు. లోహపు కుట్లు వేసిన పాత పాత్ర విరిగిందని దాచుకోదు కనుక, మరమ్మతును రంగుతో మాయచేసిన దానికన్నా అదే మేలు.

ప్రశ్న: అంచున అర్ధచంద్రాకారంలో కొరికేసినట్టున్న పెద్ద పింగాణీ బేసిన్‌కు అంత అంచనా ధర ఎందుకు? విరిగినదే కదా?

జవాబు: విరగలేదు. అది మంగలి బేసిన్, ఆ గండి గడ్డం కింద మెడకు ఆనించుకోవడానికి. అంచున రెండు చిన్న రంధ్రాలుంటే తాడు కట్టి తగిలించుకోవడానికి. గండి అంచు మీద కూడా గాజుపూత, నగిషీ నడిచాయేమో చూడండి. నడిస్తే అది పుట్టుకతో వచ్చినదే. వెండిలో మాంటెయిత్ అనే పెద్ద గిన్నెకూ అంచు గండ్లుగా ఉంటుంది. గ్లాసుల కాడలు ఆ గండ్లలో తగిలించి చల్లబరిచేవారు.

అడుగున రంధ్రం ఉన్న చేపల తొట్టి వేరే కథ. రంధ్రం అంచు మెత్తగా తిరిగి ఉంటే బట్టీకి ముందే చేసినది, మొక్క కుండీ అన్నమాట. చుట్టూ పెచ్చులు లేచి మట్టి తెల్లగా కనిపిస్తే తర్వాత తొలిచారు. రాగి మీద తీగెలు కట్టి రంగుగాజు నింపిన క్లాయిజొనె బేసిన్లలో పోయిన గాజు స్థానంలో రంగు మైనం పెడతారు. పక్కవాటులో వెలుతురు పడితే ఆ గడి మెరుపు తేలిపోతుంది.

ప్రశ్న: అన్నీ కలిపి 1,000కి మించకూడదని నిశ్చయించుకుంటే పాట ఎక్కడ ఆపాలి?

జవాబు: సుత్తి పడ్డ ధర (పాట ముగిసినప్పుడు పలికిన ధర) మీద సంస్థ కమీషన్ 25 శాతం, ఆ కమీషన్ మీద పన్ను 20 శాతం అనుకుందాం. 100కి 130 అవుతుంది. ఆన్‌లైన్ వేదిక మరో 5 శాతం తీసుకుని, దానిమీదా పన్ను ఉంటే 136. అప్పుడు హాల్లో 769 దగ్గర, ఆన్‌లైన్లో 735 దగ్గర ఆగాలి, రవాణా, దిగుమతి సుంకం ఇంకా కలపలేదు. శాతాలు సంస్థకొక రకంగా ఉంటాయి, షరతుల పేజీ చదివి మీ లెక్క వేసుకోండి. రిజర్వు ధర, అంటే అంతకు తక్కువకు అమ్మబోమని పెట్టుకున్న ధర, సాధారణంగా కింది అంచనాను మించదు.

ప్రశ్న: కొన్న పాత కప్పుల్లో టీ తాగవచ్చా?

జవాబు: గాజుపూత మీద వేసిన పాత రంగుల్లో సీసం ఉంటుంది. లోపలి వైపు రంగులున్నవాటిని, అరిగినవాటిని చూడ్డానికే ఉంచండి.

ప్రశ్న: ఇంటికి తెచ్చాక శుభ్రం చేయడం, దాచడం ఎలా?

జవాబు: పింగాణీని ప్లాస్టిక్ తొట్టిలో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా సబ్బుతో ఒక్కొక్కటిగా కడగండి. బంగారు గీతల మీద రుద్దొద్దు. పగులులో మరక పోవాలని బ్లీచింగ్ ద్రావణం వాడొద్దు. లోపల మిగిలిన ఉప్పు స్ఫటికంగా పెరిగి గాజుపూతను పైకి నెట్టేస్తుంది. కుట్లు, అతుకులు ఉన్నదాన్ని నీళ్ళలో ముంచనే వద్దు.

వెండిని ముంచి తీసే ద్రావణాలు నగిషీ గాళ్ళలోని నలుపును కూడా కడిగేసి పనిని చదును చేస్తాయి. యంత్రంతో మెరుగు పెట్టిస్తే ముద్రలే అరిగిపోతాయి. మెత్తటి గుడ్డ, వెండి పాలిష్ చాలు. వెండిని నల్లబరిచేది గంధకం కాబట్టి రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ, వార్తాపత్రిక దగ్గరకు రానీయకండి. రబ్బరు బ్యాండు గీత ఒకసారి పడితే పాలిష్‌కి సులువుగా పోదు. ఆమ్లం లేని కాగితంలో చుట్టి మూత వేరుగా, పాత్ర వేరుగా పెట్టండి. కెటిల్‌ను పిడి పట్టి ఎత్తకుండా రెండు చేతులా అడుగు పట్టి ఎత్తండి.