శివరాత్రికీ ఉగాదికీ మధ్య తిరుపతి నుంచి ఎక్కడికి వెళ్లాలి?

చలి తగ్గినప్పటి నుంచి ఇంట్లో కాలు నిలవడం లేదని, ఊరికి కొత్త అని, ఒక్క రోజులో తిరిగి వచ్చేలా ఎక్కడికైనా వెళ్లాలా లేక వేసవి సెలవుల దాకా ఆగాలా అని అడిగారు. దయచేసి ఆగకండి. శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ పోతుందంటారు. అక్కడి నుంచి ఉగాదికి సుమారు నెల రోజులు. ఆ తరువాత ఇక్కడి కొండలు పెనంలా కాలతాయి.

ఆగి నష్టపోయినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఒక ఏడు పిల్లల పరీక్షలు అయ్యాక చూద్దామని మే నెలలో తలకోన వెళ్లాం. 270 అడుగుల జలపాతం అని దారి పొడవునా ఊరించాను. తీరా చూస్తే బండ మీద సన్నని ధార. చెప్పులు విప్పిన పిల్లలు రాయి మీద కాలు మోపలేక ఏడ్చారు. మాకు పెద్ద వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి. శేషాచలం రాళ్లలో ఇంకిన ఆ నీరు మెల్లమెల్లగా ఊరుతూ వచ్చి, ఎండలు ముదిరేసరికి బక్కచిక్కిపోతుంది.

మరుసటి ఏడు అమ్మకు తుంటి ఎముక విరిగింది. కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా పొయ్యికీ మందులకూ మధ్యే తిరిగాను. వంటింటి కిటికీలోంచి కొండ కనిపించేది. పొద్దున్నే మంచు కప్పుకుని, తొమ్మిదింటికి తేటపడేది. రోజూ చూస్తూనే ఉన్నా వెళ్లలేకపోవడం ఎంత బాధో మీకు తెలిసే ఉంటుంది. అమ్మ చేతికర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక తనే అంది: “ఒక పూట నేను చూసుకుంటాను, నువ్వు కొండకు వెళ్లి రావే.”

శివరాత్రి దాటిన ఆదివారం శ్రీనివాసమంగాపురం దగ్గరి శ్రీవారి మెట్టుకు, అంటే తిరుమలకు నడిచి ఎక్కే మెట్ల దారికి, వెళ్లాను. 2388 మెట్లు. అలిపిరి దారిలో 3550 ఉంటాయి కాబట్టి ఇది దగ్గరే, కానీ నిటారు. మూడు నెలలు నడక లేని కాళ్లతో యాభై మెట్లకు ఒకసారి కూర్చున్నాను. అలా కూర్చున్న ఒక చోట రావి చిగురు కనిపించింది. రాగి రంగు ఆకు, ఎండకు అడ్డంగా పట్టుకుంటే ఈనెలన్నీ లెక్కపెట్టేంత పలుచన. ఆ ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు ఉండిపోయాను. ఇంటికి వచ్చి అమ్మకు చూపించేసరికి అది వాడిపోయింది, అయినా తను దిండు పక్కన పెట్టుకుంది.

ఆ మరుసటి వారమే పిల్లలతో మళ్లీ తలకోన. అరవై కిలోమీటర్ల లోపే. భాకరాపేట దారిలో మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. బస్సు కిటికీ తెరిస్తే ఆ వగరు తీపి వాసన లోపలికి వచ్చేసేది. ఈసారి నీటి తుంపర ముఖానికి తగిలింది. కానీ పిల్లలకు నచ్చింది జలపాతం కాదు, గిల్లతీగ. చెట్ల మీదుగా పాకే ఆ తీగ మనిషి నడుమంత లావు కూడా ఉంటుంది. కింద రాలిన కాయ పక్కన మా వాడు చెయ్యి పెట్టి కొలిస్తే కాయే పొడవు.

ఓపిక ఉంటే తిరుమల కొండల అడవిలో ఉన్న తుంబురు తీర్థం కూడా చూడండి. మామూలు రోజుల్లో ఆ అడవిలోకి వెళ్లనివ్వరు. ఫాల్గుణ పౌర్ణమి నాడు జరిగే తీర్థ ముక్కోటి ఉత్సవానికి తిరుమల మీది పాపవినాశనం వైపు నుంచి భక్తులు నడిచి వెళతారు. అనుమతి వేళలు పత్రికల్లో వస్తాయి, చూసుకుని బయలుదేరండి. రాళ్ల దారి, మధ్యలో నీళ్లలో నడవాలి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారికి వద్దు.

ఎక్కడికి వెళ్లినా తెల్లవారగానే బయలుదేరి, వెలుతురు ఉండగానే దిగిపోండి. చిరుతలు తిరిగే అడవి, పిల్లలను ముందు పరుగెత్తనివ్వకండి. ఈ నెలలో నేలంతా ఎండాకే, కాబట్టి అగ్గిపుల్ల కూడా గీయవద్దు. మజ్జిగ ఇంటి నుంచే స్టీలు సీసాలో తీసుకెళ్లండి. ఈ ఫాల్గుణ పౌర్ణమికి మా అక్క, నేను తుంబురుకు వెళుతున్నాం. మీకు తోడు కావాలంటే ఇక్కడే రాయండి.