కార్డు కొనే ముందు లాగ్ చూడమనండి

చిత్తూరు నుంచి ఒక తండ్రి అడిగారు: మావాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత ఆఫీసు కంప్యూటర్ కొనుక్కొచ్చి, అందులో ప్రాక్స్‌మాక్స్ అని ఏదో వేసి నాలుగైదు వర్చువల్ మెషీన్లు నడుపుతున్నాడు. పెద్ద ఫైలు కాపీ చేస్తే చాలు నెట్‌వర్క్ పడిపోతోందంట, కాసేపటికి దానంతటదే వస్తోందంట. కొత్త నెట్‌వర్క్ కార్డుకి డబ్బులడుగుతున్నాడు. కొనివ్వాలా, ఇదంతా కట్టిపెట్టించి గేట్ కోచింగ్‌లో వేయాలా?

అన్నా, ఇప్పటికి రెండూ వద్దు. ప్రాక్స్‌మాక్స్ అంటే ఒకే కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్లని, అంటే విడివిడి కంప్యూటర్లలా పనిచేసేవాటిని, నడిపే సాఫ్ట్‌వేర్.

గేట్ సిలబస్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ ఉంది, కాబట్టి వాడు గదిలో చేస్తున్నది దానికి అడ్డేమీ కాదు. ఎంటెక్ మీద మనసుందో లేదో వాడినే అడగండి. ఉద్యోగమే కావాలంటే మాత్రం ఆ పాత డబ్బా జోలికి పోకండి. సిస్టమ్ అడ్మిన్, నెట్‌వర్క్ సపోర్ట్, క్లౌడ్ సపోర్ట్ ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్‌ని "సర్వర్ అందట్లేదు, ముందు ఏం చూస్తావు?" అని అడుగుతారు, సర్టిఫికెట్లు ఉన్న పిల్లలు కూడా అక్కడ నీళ్లు నములుతారు. మీవాడికి ఆ ప్రశ్న ఇంట్లోనే పడింది. విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని 2025లో ప్రకటించారు కదా అని దాన్ని నమ్ముకుని కూర్చోమని నేను చెప్పను గానీ, ఈ పని తెలిసినవాడికి బెంగళూరు, చెన్నై రెండూ మీకు పక్కనే.

ఇక్కడినుంచి వాడికి చూపించండి.

బాబూ, ముందు ఒకే బ్రిడ్జి (కంప్యూటర్ లోపల మెషీన్లని కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) మీదున్న రెండు వర్చువల్ మెషీన్ల మధ్య నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 నడుపు. ఆ ట్రాఫిక్ అసలు కార్డు దాకా రాదు, కంప్యూటర్ లోపలే తిరుగుతుంది. అది బాగా నడిచి, బయట ల్యాప్‌టాప్‌కి పంపినప్పుడే పడిపోతుంటే నీ బ్రిడ్జి సెట్టింగుల్ని కెలకడం ఆపేయొచ్చు, తప్పు కార్డులోనో దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లోనో కేబుల్‌లోనో స్విచ్‌లోనో ఉంది. ల్యాప్‌టాప్ వైఫై మీదుంటే వైరు పెట్టి చూడు, లేదంటే వైఫై చేసిన తప్పుకి కార్డుని ఉరితీస్తావు.

తర్వాత కార్డు సెట్టింగులు చూసి మార్చే ఈథ్‌టూల్ కమాండ్‌తో లింక్ స్పీడ్ చూడు. 1000 (గిగాబిట్) బదులు 100 చూపిస్తుంటే ముందు కేబుల్ మార్చు. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. అందుకే ఆ రెండూ కాని జత తెగినా నెట్ నడుస్తూనే ఉండొచ్చు, కేబుల్ మీద ఎవరికీ అనుమానం రాదు.

నాకు మాత్రం కేబుల్ కన్నా డ్రైవర్ మీదే అనుమానం. పాత ఆఫీసు డెస్క్‌టాపుల్లో చాలావాటికి మదర్‌బోర్డు మీదే ఇంటెల్ ఐ217, ఐ219 లాంటి చిప్ ఉంటుంది, అవి ఈ1000ఈ డ్రైవర్‌తో నడుస్తూ లోడ్ పెరిగినప్పుడు బిగుసుకుపోవడం ప్రాక్స్‌మాక్స్ వాడేవాళ్లకి బాగా తెలిసిన తలనొప్పే. పడిపోయిన వెంటనే కెర్నెల్ లాగ్, అంటే సిస్టమ్ తనలో జరిగింది రాసుకునే చిట్టా, తెరువు. "డిటెక్టెడ్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్" అనే లైను కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఈథ్‌టూల్‌తో టీఎస్‌ఓ, జీఎస్‌ఓ (పెద్ద డేటాని ముక్కలు చేసే పనిని చివరిదాకా వాయిదా వేసే సెట్టింగులు) ఆఫ్ చేసి మళ్లీ అదే ఫైలు కాపీ చెయ్యి. నిలబడితే ఆ కమాండ్‌ని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో పోస్ట్-అప్ (నెట్‌వర్క్ లేచాక దానంతటదే నడిచే లైను) కింద రాసిపెట్టు, లేకుంటే రీబూట్‌తో పోతుంది. ఖర్చు పైసా లేదు.

ఒకసారికి ఒక్కటే మార్చు. కేబులూ పోర్టూ సెట్టింగూ అన్నీ ఒకేసారి మార్చేసి "సెట్ అయిపోయింది" అంటే దేనివల్ల సెట్ అయిందో నీకే తెలీదు, ఇంటర్వ్యూలో ఇంకేం చెప్తావు? ఏం మార్చావో, ఏమైందో, లాగ్‌లో ఏ లైను వచ్చిందో తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకో. రెజ్యూమెలో "హోమ్ ల్యాబ్" అన్న రెండు మాటల కన్నా ఆ పేజీలకే విలువ.

అన్నా, ఇవన్నీ చేశాక కూడా పడిపోతుంటే అప్పుడు కొనివ్వండి. కొత్త కార్డు స్లాట్‌లో పెడితే సిస్టమ్ పాత కార్డుకి పెట్టుకున్న పేరు కూడా మారిపోవచ్చు. బ్రిడ్జి ఇంకా పాత పేరునే వెతుక్కుంటూ ఉంటుంది, బ్రౌజర్‌లో ప్రాక్స్‌మాక్స్ తెరుచుకోదు. మానిటరు, కీబోర్డు తగిలించి ఆ పేరు సరిచేయాలి, ముందే చెప్పి ఉంచండి. ఇంటెల్ సర్వర్ కార్డుల్లో నకిలీవి కూడా తిరుగుతున్నాయి, పని చేయకపోతే తిరిగి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బులివ్వమనండి.