జూదం గిట్టని పెద్దవారికి లాస్ వేగాస్‌లో ఏం చూపించాలి?

నమస్కారం. జూదమంటే గిట్టని తల్లిదండ్రులకు, అందులోనూ మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి, లాస్ వేగాస్‌లో రెండు రోజులు ఏం చూపించాలని మీరు అడిగారు.

మొదట స్ప్రింగ్స్ ప్రిజర్వ్ అనే ఉద్యానవనం, మ్యూజియంల ప్రాంగణానికి తీసుకువెళ్లండి. లాస్ వేగాస్ అంటే స్పానిష్ భాషలో పచ్చిక మైదానాలని అర్థం. ఎడారి మధ్య ఆ పచ్చికకూ, తరువాత వెలసిన ఊరికీ ప్రాణాధారమైన నీటి ఊటలు ఉండినది అక్కడే. బావులు తవ్వి అదే పనిగా నీరు తోడడంతో 1962 నాటికి అవి ఎండిపోయాయి. రాయలసీమవారికి ఆ కథ విడమరచి చెప్పనక్కరలేదు.

నగరానికి పడమరనున్న రెడ్ రాక్ కాన్యన్‌లో 13 మైళ్ల వన్ వే రోడ్డు ఉంది కనుక, అమ్మగారు కారులో కూర్చునే ఎర్రని ఇసుకరాతి కొండలను తనివితీరా చూడగలరు. అయితే అక్టోబరు నుంచి మే వరకు ప్రవేశ సమయాన్ని ముందుగానే బుక్ చేసుకోవాలి.

చరిత్రపై ఆసక్తి ఉన్న నాన్నగారికి నేరముఠాల చరిత్రను చూపే మాబ్ మ్యూజియం నచ్చుతుంది. అది 1933 నాటి తపాలా, న్యాయస్థాన భవనం. వ్యవస్థీకృత నేరాలపై అమెరికా సెనేట్ కమిటీ 1950లో విచారణ జరిపిన గది అందులోనే ఉంది. నగరానికి దగ్గరలో కొలరాడో నదిపై ఉన్న హూవర్ డ్యామ్ సంగతి అందరికీ తెలిసినదే. వేసవిలో వెళ్తే మాత్రం ఆరుబయట తిరుగుడంతా ఉదయం పది గంటలలోపే ముగించండి.