సంతకం చేయగలిగిన రోజుల్లోనే ప్లాటు సంగతి తేల్చండి

ప్రశ్న: మాది అనంతపురం. మా వారికి 68 ఏళ్లు, నాకు 63. రెండేళ్లుగా ఆయన ఉన్నట్టుండి వెనక్కి పడిపోతున్నారు. మొదట పార్కిన్సన్స్ అని మందులిచ్చారు, గుణం కనిపించలేదు. ఈ మధ్య బెంగళూరు నిమ్‌హాన్స్‌లో పీఎస్‌పీ (ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ అనే మెదడు జబ్బు) అని తేల్చారు. డిపాజిట్లు 22 లక్షలు, పొదుపు ఖాతాలో 3 లక్షలు, ఇల్లు, రాప్తాడు దారిలో 2006లో కొన్న ప్లాటు, అన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి. దుకాణం అద్దె 14 వేలు, పీఎఫ్ పింఛను 3 వేలు వస్తాయి. నెల ఖర్చు 30 వేలు. స్టెమ్ సెల్ (మూలకణ) చికిత్సతో మళ్లీ నడుస్తారని, 6 లక్షలవుతుందని, అందుకు ప్లాటు అమ్మమని ఒక బంధువు పట్టుబడుతున్నారు. మా అబ్బాయి ఇల్లు తన పేరున రాయించమంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ప్లాటు అమ్మండి. స్టెమ్ సెల్ చికిత్సకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వవద్దు.

పీఎస్‌పీని ఆపే మందు కానీ, దాని వేగం తగ్గించే మందు కానీ ఇప్పటివరకు లేదు. పార్కిన్సన్స్‌కు బాగా పనిచేసే లెవోడోపా కూడా ఇందులో అంతగా పనిచేయదు. మీకు మొదట ఇచ్చిన మందులతో గుణం కనిపించకపోవడానికి కారణం అదే. కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప, మిగతా జబ్బులకు అనుమతి పొందిన పరిశోధనల్లో భాగంగానే స్టెమ్ సెల్స్ వాడాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో చెప్పింది. నయమవుతుందని ఆశపెట్టి 6 లక్షలు అడుగుతున్నారంటే అది వైద్యం కాదు, మీ భయంతో చేసే వ్యాపారం. మీ బంధువు మంచి కోరే చెప్పి ఉంటారు. ఆయనకు నిమ్‌హాన్స్ కాగితాలు చూపించి, అక్కడి డాక్టరునే అడగమనండి.

మరి ప్లాటు ఎందుకు అమ్మమంటున్నాను? ఈ జబ్బులో డబ్బు కంటే ముందు అయిపోయేది సంతకం. చాలామందిలో మతిమరుపు కంటే ముందు నిర్ణయం తీసుకునే శక్తి దెబ్బతింటుంది. కొందరికి ఏదీ పట్టదు, కొందరు అడిగిన ప్రతిదానికీ తొందరపడి సరేనంటారు. మాట ముద్దగా మారుతుంది. చూపు కిందికి దిగదు కాబట్టి బల్ల మీద పెట్టిన కాగితంలో ఎక్కడ సంతకం చేయాలో కనిపించదు. కాగితాన్ని అట్టకు బిగించి ఆయన కళ్లకు ఎదురుగా ఎత్తి పట్టుకోండి, నెమ్మదిగా చేస్తారు.

జీపీఏ (ఆయన బదులు సంతకం చేసే అధికారమిచ్చే పత్రం) రాయించుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, రాసిచ్చిన వ్యక్తికి తెలివి, విచక్షణ పోతే ఆ అధికారమూ పోతుంది. సరిగ్గా మీకు అవసరమైన రోజునే ఆ కాగితం పనికిరాకుండా పోతుంది. ఆ తర్వాత ప్లాటు అమ్మాలంటే కోర్టు గడప తొక్కాలి. ఆస్తి ఉండి కూడా రోగి మంచం పక్కన మనిషిని పెట్టుకోలేని కుటుంబాలను చూశాను. అందుకే ధర ఇంకా పెరుగుతుందని ఆగవద్దు. రిజిస్ట్రేషన్‌కు ఆయన రాలేకపోతే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తగిన కారణం చూపితే సబ్‌రిజిస్ట్రార్ ఇంటికే రావచ్చు. అర్జీతో పాటు డాక్టరు ధ్రువపత్రం జతచేయండి.

ఇప్పుడు డబ్బు. ప్లాటుకు పన్ను పోగా 22 లక్షలు మిగులుతాయనుకుందాం. డిపాజిట్లు, పొదుపు కలిపితే మొత్తం 47 లక్షలు. ఇందులో 30 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో మీ పేరు మీద వేయండి. ఒకరికి గరిష్ఠ పరిమితి అంతే. 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి 61,500 రూపాయలు, అంటే నెలకు 20,500 వస్తాయి. అద్దె, పింఛను కలిస్తే 37,500. ఆయన డబ్బు మీ పేరున వేసినా ఆ వడ్డీని ఆయన ఆదాయంలోనే లెక్కిస్తారు. ప్లాటు అమ్మిన సంవత్సరం సంగతి వేరు కానీ, మామూలు సంవత్సరాల్లో ఆదాయపు పన్ను కొత్త విధానంలో మీకు పన్ను పడదు. డిపాజిట్లు గడువుకు ముందే తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, పడనివ్వండి.

మిగిలిన 17 లక్షల్లో 4 లక్షలు ఆసుపత్రి అవసరాలకు పొదుపు ఖాతాలోనూ చిన్న డిపాజిట్లలోనూ ఉంచండి. 12 లక్షలు మనిషి సాయం కోసం. ఈ జబ్బులో అసలు ఖర్చు మందులది కాదు, పక్కన ఉండే మనిషిది. పగటి మనిషికి నెలకు 13 వేలు అనుకుంటే మీకు తక్కువ పడేది 5,500. రాత్రికి కూడా ఇంకొకరు కావలసి వస్తే తక్కువ పడేది 18,500, ఏడాదికి 2 లక్షల 22 వేలు. 12 లక్షలు వడ్డీ లేకపోయినా ఐదేళ్లు దాటి వస్తాయి. పూర్తిగా కూలబడ్డాక మనిషిని వెతకడం కాదు, ఇప్పుడే పెట్టుకోండి. అరవై మూడేళ్ల మీరు వెనక్కి పడుతున్న మనిషిని ఒంటరిగా ఆపబోతే ఇద్దరూ పడతారు.

మిగిలిన లక్ష ఇంటికి. మన వైపు ఇళ్లలో పరిచే నున్నటి తాడిపత్రి బండలు తడిసాయంటే మామూలు మనిషికే కాలు నిలవదు. స్నానాల గదిలో గరుకు టైల్స్, గోడకు ఉక్కు కడ్డీలు, ఎత్తైన కమోడు పెట్టించండి. కిందికి చూడలేని మనిషికి గడప కనిపించదు కాబట్టి పడకగది గడప తీయించి నేల సమం చేయించండి. తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

బ్యాంకులో సంతకం కుదరని రోజు వస్తే కంగారు పడవద్దు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇద్దరు సాక్షుల ముందు, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయితే, వేలిముద్రతో డబ్బు ఇవ్వాలి. అయినా పొదుపు ఖాతాలో మీ పేరు ఈ వారమే చేర్చండి, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయగలిగే) పద్ధతిలో. తొందరపడి ఎవరికైనా పంపేయకుండా ఆయన ఫోనులో యూపీఐ పరిమితి బాగా తగ్గించండి.

ఇల్లు అబ్బాయి పేరున ఇప్పుడు రాయవద్దు. బాబు మీద అనుమానంతో చెప్పడం లేదు. మీ తల మీద కప్పు ఎవరి దయ మీదా ఆధారపడకూడదు. ఆయన చేత వీలునామా రాయించండి: మీరున్నంత కాలం ఇల్లు మీది, తర్వాత పిల్లలది. స్టాంపు కాగితం అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు కావాలి, ఆస్తి పొందేవారు సాక్షులుగా ఉండకూడదు. ఆయన విచక్షణతో రాస్తున్నారని డాక్టరు అదే రోజు రాసిస్తే మంచిది. రిజిస్టర్ కూడా చేయించండి. ఒకవేళ గిఫ్టు డీడ్ తప్పదంటే, మిమ్మల్నిద్దరినీ చూసుకోవాలనే షరతు అందులో రాయించండి. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర దాన్ని రద్దు చేయించుకోవచ్చు.

వైకల్య ధ్రువపత్రానికి కూడా దరఖాస్తు పెట్టండి. రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పింఛను పథకంలో దివ్యాంగులకు నెలకు 6 వేలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15 వేలు ఇస్తున్నారు. మీ ఆదాయం, ఆస్తులు అడ్డువస్తాయో లేదో వార్డు సచివాలయంలో అడగండి.

ప్లాటు కొన్న దస్తావేజు నకలు పంపండి. లాభం మీద సూచీకరణ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం పన్నా, సూచీకరణతో 20 శాతమా, ఏది తక్కువ పడుతుందో లెక్క కట్టి చెబుతాను. అది తేలాకే బేరం ఖాయం చేయండి.